గడప రాయి

ఎర్రగుంట్ల బండ, నాలుగడుగుల పొడుగు,
అంగుళమున్నర మందం.
కింద సిమెంటు పాలు పోసి
రసమట్టం పెట్టి సూస్తాండా.
బుడగ మద్దెలో నిలవడంల్యా.

"గడప మీద కాలు పెట్టాకు మేస్త్రీ,
ఇంగా పసుపన్నా పుయ్యలేదు"
అంటాది ఇంటామె ఈరనాగమ్మ.
పెట్టన్లేమ్మా.
ఒగసారి పెట్టినా. పూటంతా.

అది హత్తా దోవ.
విజిట్ వీసా మీద పోయినోళ్లం,
బండ పరిసే పని దొరికింది గానీ కాగితం దొరకల్యా.
మూడు నెల్లకొకసారి వ్యాను మాట్లాడుకొని
దేశం బయటికి పోయేది,
బయట మొగం సూపిచ్చి మళ్లా లోపలికొచ్చేది.
కొత్త ముద్ర, కొత్త తొంభై దినాలు.
పిల్లోళ్లు దాగుడుమూతలు ఆడినట్టే,
మేం దుడ్లిచ్చి ఆడేది.

వ్యాన్లో పద్నాలుగు మంది.
తోలేటోడు కుంజుమోను.
గోళ్లకు రంగులేసే పిలిప్పీన్సు అమ్మి
తల అద్దానికి కొట్టుకుంటాన్నా నిద్ర లేయదు.
నా పక్కన నందలూరు పెంచలయ్య,
ఒళ్లో స్టీలు క్యారేరు.
రాగులు యాడ దొరుకుతాయాడ?
గోదుమ రవ్వనే సంగటి మాదిరి కెలికి ముద్దలు సేసినాడు,
పైన శెనగ్గింజల ఊరిమిండి.
"తిరిగొచ్చేటప్పుడు తిందాంలేబ్బీ" అన్యాడు.

ఈపక్క బయటికి పోయే ముద్ర ఏసిరి.
ఆపక్క కిటికీ దాకా ఉత్త కొండలు,
పొరలు పొరలుగా, నల్లగా.
గోటితో గీకి సూసినా,
రాయి తెల్సినోని చెయ్యి ఊరికే ఉండదు గదా.
"యాడుండాం రా ఇప్పుడు?" అన్యాడు పెంచలయ్య.
ఆ దేశంలో లేం. ఈ దేశంలో లేం.
మాయమ్మ తిట్టేది:
గడప మీద కూసోవాకురా,
లోపలోళ్లకూ కావు, బయటోళ్లకూ కావు.
అది జెప్తే వాడు పడీ పడీ నవ్వినాడు.

మళ్లొచ్చేటప్పుడు
కిటికీ ఎనక ఆయప్ప
పెంచలయ్య పాస్‌పోర్టు తిప్పి తిప్పి సూసె.
గడువు ఆర్నెల్లకు తొమ్మిది దినాలు తక్కువంట.
తొమ్మిది దినాలంటే
ఒగ జొరం వచ్చి పోయే కాలం.
ఇటు రానీరు. అటు మళ్లా పోనీరు.
ఆయప్ప నా పక్క ఏలు సూపిచ్చి
హిందీలో అడిగె,
ఈడు నీతోడొచ్చినోడా అని.
అర్థం కాకనేం, బాగనే అర్థమాయ.
నా ముద్ర ఇంగా తడారల్యా.
"కాదు" అన్యా.

పెంచలయ్యకు హిందీ రాదు.
నేనేదో మంచే జెప్తాండానని
నా మొగం సూసి తలూపినాడు.

వ్యాను కదిలినాక తెలిసె,
క్యారేరు నా కాళ్లకాడే ఉండాదని.
కుంజుమోను ముందరద్దంలో నన్ను సూసి
ఏమీ అనకుండా గేరు మార్చె.
ఆ రేత్రి రూములో మూత తీసి తిన్యా.
ఊరిమిండి బలే ఉండె.
అన్నిట్లో ఆ మాట జెప్పేదానికే నాకు సిగ్గు.

పద్దెనిమిది దినాలకు యాడాడో తిరిగి వాడు ఊరు చేరెనంట.
నందలూరు టేసను కాడ సోడాల బండి పెట్టినాడంట.
సన్నబన్యాడంట, అయినా బాగనే ఉండాడంట.
అంట, అంట.
ఈడ రైలెక్కితే రెండు గంటలు,
ముద్ర ఏసేటోడు ఒగడు అడ్డం రాడు.
ఏడేండ్లయితాంది.
క్యారేరు మా అటక మీద బోర్లిచ్చి ఉండాది.
నా పెండ్లాము రెండుసార్లు అడిగింది ఎవురిదని.

"మేస్త్రీ, మజ్జిగ తాగు"
లోపల్నుంచి చెంబు సాపి
ఈరనాగమ్మ నాలిక కరుసుకున్యాది.
గడపకు ఆపక్కనుంచి ఈపక్కకు ఇయ్యగూడదంట.
"నువ్వన్నా లోపలికి రా,
నన్నన్నా బయటికి రానీ."

ఉండమ్మా అని
బండ కింద ఇంగో తాపీడు మాలు తోసినా.
బుడగ తూర్పుకే పోతాంది.
ఆమె చెంబు పట్టుకొని అట్లే నిలబడుండాది.