చూడని ఆకు

ఎంబ్రిక్ ముందు ఉలి ఇవ్వలేదు.
తోలుపట్టీ ఇచ్చాడు.
మూడు వారాలు దానిమీద అంచులు రుద్దాను,
ముంజేతి నూగు మీద పదును చూసుకుంటూ.
నాలుగో వారానికి నా ఎడమ చెయ్యి నున్నగా ఉంది.
"సరే రన్‌వైగ్, ఇక చెక్క ముట్టుకో" అన్నాడు.

గుద్‌బ్రాన్స్ లోయలో డిసెంబరు పగలంటే
పదింటికొచ్చి మూడింటికే చెప్పులేసుకునే చుట్టం.
అయినా నగిషీకి నడినెత్తి వెలుగు పనికిరాదట.
దీపం పక్కన, బల్ల ఎత్తున పెట్టేవాడు.
"అడ్డంగా పడితేనే
లోతు నిజం చెబుతుంది."

పైన్ చెక్క. మూల అల్మారా తలుపు.
పెన్సిలు గీత వెంట ముందు నిలువు కోత,
తర్వాత చుట్టూ నేల దించడం.
ఆకు పైకి లేవదు,
చుట్టూ ఉన్నది కిందికి పోతుంది, అంతే.
గుండ్ర ఉలి తోస్తే తొడిమ దగ్గర పల్లం,
బోర్లించి తోస్తే ఆకు వీపు.
ఆఖర్న మూడుమూలల ఉలితో ఈనెలు,
ఊపిరి బిగబట్టి, ఒక్క తోపులో.
నారకి ఎదురెళ్ళి నేను చిట్లగొట్టిన రోజు
"పిల్లి వీపు ఎప్పుడూ నిమరలేదా?" అన్నాడు.
ఏడాది మొత్తానికి అదే పాఠం.

ఆ ఆకు పేరు అకాంతస్.
ఈ లోయలో మొలవదు.
ఎప్పుడో దక్షిణాన రాతిస్తంభాల మీంచి దిగి,
ఎవరో చూసి, ఎవరో విని,
చర్చి పీఠాల మీదుగా
మంచాల తలాపులకీ గడియారాల నెత్తికీ
వెన్నడబ్బాల మూతలకీ పాకింది.
ఎంబ్రిక్ యాభై రెండేళ్ళు దాన్నే చెక్కాడు.
ఒక్క ఆకూ చూళ్ళేదు.

గ్రీసు వెళ్ళినప్పుడు
దారి పక్క, దుమ్ముకొట్టుకుపోయి, మేకలు కూడా వదిలేసిన పొద.
ఒకటి తెంపి పుస్తకంలో అదిమి తెచ్చాను.
ఆయన కళ్ళద్దాలు నుదుటి మీంచి దించాడు.
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
ముళ్ళు వేలితో లెక్కపెట్టాడు.
చాలాసేపు.
"పల్చన" అన్నాడు.
"మెలిక లేదు. ఎటు పోవాలో దీనికే తెలీదు."
చేసినవాడెవడో పని నేర్చుకుంటున్నాడన్నట్టు
జాలిగా వెనక్కిచ్చాడు.

నేను నవ్వాను.
ఆయన నవ్వలేదు.

మళ్ళీ మార్చిలో ఒక తలుపు బిగిస్తున్నాం.
పైనంతా ఆయన ఆకులే,
అలల్లా విరిగి, ఒకదాని మెడ మీంచి ఒకటి తొంగిచూస్తూ.
కింది మూల, కీలు రెక్క కప్పేసే చోట మాత్రం
అరచేయంత ఆకు,
మెలిక లేకుండా, వెడల్పుగా, ముళ్ళతో సహా.
కొసన చిన్న చిల్లు.
నేను తెచ్చినదాన్ని పురుగు తిన్నది సరిగ్గా అక్కడే.
గరుకు కాగితం తగల్లేదు దానికి.
ఉలి నడిచిన అడుగులు అలాగే ఉన్నాయి.

మరలు నాలుగు.
మూడు బిగించి ఆగాను.
"ఏంటి?" అన్నాడు, అటు తిరిగే, పేళ్ళు ఊడుస్తూ.
ఏం లేదని
నాలుగోది కూడా బిగించాను.