లోపలి పూత

జందీరా మూడు తీగలు పేనుతోంది.
టైటానియం, జిర్కోనియం, వనేడియం.
ఆ పేర్లు ఆమె పలకదు,
తేలికది, బరువుది, మొండిది, అంటుంది.
జడ అల్లుతోందనుకున్నాను మొదట్లో.
జడ కాదు, పురి.
బాయియాలో వాళ్ళమ్మ కిత్తనార పేనేదట,
అవతలి కొస పట్టుకు నిలబడడం
ఏడేళ్ళ జందీరా ఉద్యోగం.

కంపీనాస్‌లో జూలై.
చెరకు చేలు తగలబెట్టిన మసి
ఊళ్ళో ఆరేసిన బట్టలన్నిటి మీదా వాలుతుంది,
ఈ గదిలోకి మాత్రం రాదు.
ఈ గది కోసం ఆమె అత్తరు మానేసింది,
చేతులకి రాసుకునే నూనె మానేసింది.
పదకొండేళ్ళుగా
తొడుగుల కింద వేళ్ళు పగిలే ఉన్నాయి.

రాగి గొట్టం నిలబడి ఉంటుంది,
మనిషికి రెండింతలు.
నట్టనడుమ ఆ పురి వేలాడదీసి
గాలంతా తోడేసి
చిటికెడు క్రిప్టాన్ వదిలి కరెంటు పెడితే
లేత ఊదా వెలుగు.
తీగ తన్ను తాను రాల్చుకుంటుంది
అణువణువుగా, లోపలి గోడ మీద.
తలవెంట్రుకని అరవై పొరలు ఒలిస్తే
అందులో ఒక పొర.
అంతే మందం.

వేడి చేస్తే గానీ దానికి ఆకలి పుట్టదు.
రెండు వందల డిగ్రీలు, ఒక రాత్రీ ఒక పగలూ.
మీద పేరుకున్న ఆక్సిజన్ లోలోపలికి ఇంకిపోయి
పైన ఒట్టి లోహం మిగులుతుంది.
ఆ తర్వాత గోడకి తగిలింది గోడదే.
ఆర్గాన్ ఒక్కటి తగిలీ తగలనట్టు పోతుంది
పెళ్ళికొచ్చి భోజనం చెయ్యని చుట్టంలా.
హైడ్రోజన్‌ది చేబదులు:
తీసుకుంటుంది,
మళ్ళీ వేడెక్కినప్పుడు తిరిగిచ్చేస్తుంది.

ఆ గురువారం తెల్లవారుజామున
తప్పు వాల్వు తిప్పింది నేను.
గది గాలి ఒక్క ఈల వేసి లోపలికి దూరింది.
దశాంశ బిందువు తర్వాత
మూడు వారాలు కష్టపడి పేర్చిన సున్నాలు
గుక్క తిప్పుకునేలోగా ఊడిపోయాయి.

ఆరింటికి వచ్చింది జందీరా.
మీటరు చూసింది. నన్ను చూడలేదు.
గొట్టాల పుస్తకం తెరిచి
ఈ గొట్టం పేజీలో, ఒక గీత పక్కన
ఇంకో గీత గీసింది.
"ఎన్నిసార్లు మింగుతుందో దీనికీ ఒక లెక్కుంది, అడెమీర్.
మింగినకొద్దీ
ఇంకాస్త వేడి అడుగుతుంది, అంతే."
హీటరు పట్టీలు చుట్టడం మొదలుపెట్టింది.
నేను కత్తెర అందించాను, టేపు అందించాను,
తప్పు కడుపులో పెట్టుకోమనడానికి
నోరు రాలేదు.

రాత్రి రెండింటికి, నూట ఎనభై దాటాక,
గొట్టం ఆ పని మొదలుపెట్టింది.

శుక్రవారం చల్లారింది.
ఒక సున్నా. చాలాసేపటికి ఇంకోటి.
ఆదివారానికి దాదాపు అన్నీ.
దాదాపు.
ఆ గాలి ఎక్కడ దాగిందో
గొట్టం కోసి చూసినా కంటికి కనబడదు.
పుస్తకంలో గీత ఉంది,
పక్కన నా పేరు లేదు.
ఎవరూ చూడనప్పుడు రెండుసార్లు వెతికాను.

సోమవారం కొత్త గొట్టానికి తీగలు కొలిచింది.
మూడూ కలిపి ఒక కొస నా చేతికిచ్చి
గది అవతలి చివరికి నడిచింది.
"గట్టిగా పట్టుకో," అంది.
"లాగకు."