సముద్రం పదిహేడు

మా అమ్మమ్మ స్కైద్రీతె
గళ్ళనుడికట్టు పెన్సిలుతోనే నింపుతుంది.
నింపాక, చివరి గడి దాకా రబ్బరుతో చెరిపి,
పొట్టు ఊదేసి,
ఎదురు వాటా వెల్తా గారికి ఇచ్చేస్తుంది.
ఇద్దరికీ కలిపి ఒకటే పత్రిక, ముప్ఫై ఏళ్ళుగా.
ఎంత చెరిపినా కాగితం మీద గీరు మిగులుతుంది,
వెల్తా దాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి చదువుతుందని
అమ్మమ్మకి తెలుసు.
అందుకే ఒక్కో వారం
ఒక తప్పు మాట కావాలని రాసి, గట్టిగా నొక్కి,
చెరుపుతుంది.

పొద్దున ఆరింటికి రేడియోలో
ఓడలవాళ్ళకి చెప్పే గాలి కబుర్లు,
ఇవి నిజంగానే గాలి కబుర్లు:
పడమర నుంచి ఎంత, రాత్రికి ఎంత.
మాకెవరికీ ఓడ లేదు.
ఉన్నది ఐదో అంతస్తులో వంటగది, మూడు టమాటా కుండీలు.
జూలై ఎండలో కూడా ఆమె ఒళ్ళో ఉన్ని చేతితొడుగు,
బొటనవేలు ఇంకా మొలవనిది.
"చలి చెప్పి రాదు" అంటుంది.
మా రీగాలో చలి చెప్పే వస్తుంది,
చెప్పి చెప్పి, విసిగించి మరీ వస్తుంది.

ఏటా ఒక ఆదివారం
సౌల్‌క్రస్తి వెళ్తాం, సముద్రానికి.
ఐవర్స్ మామయ్య కారు. అమ్మ, నేను, తమ్ముడు రెయినిస్,
కాళ్ళ దగ్గర దొర్లే పుచ్చకాయ,
తువ్వాల్లో చుట్టిన ఉడికిన బంగాళాదుంపలు,
కారంతా సోయికూర వాసన.
దారిలో పొగబెట్టిన చేప కొనాలి,
అదే కొట్టు, అదే బేరం,
ఏటా అమ్మమ్మ ఓడిపోయే బేరం.

సంచి అడుగున పాల థర్మామీటరు.
పాలకేంద్రంలో చేరిన ఏడాదే చేతికిచ్చారట,
కేంద్రం మూతపడ్డ రోజున
తిరిగి ఇమ్మని అడిగేవాళ్ళే లేకపోయారు.
పావడా మోకాళ్ళపైకి దోపి
నీళ్ళలో నిలబడుతుంది. ముంచుతుంది.
పెదాలతో వంద లెక్కపెడుతుంది.
ఒడ్డుకొచ్చి నీలం అట్ట నోటుబుక్కులో
సముద్రం, పదహారు.
సముద్రం, పందొమ్మిదిన్నర.
పక్కన ఎప్పుడైనా ఒక ముక్క:
ఈగలు.
ఐవర్స్ పెళ్ళాంతో వచ్చాడు.
ఐవర్స్ ఒక్కడే వచ్చాడు.
ఆమెకి ఈత రాదనుకునేవాళ్ళం.

ఈ ఏడు మోకాలు మొరాయించింది.
ఇసుకదిబ్బ దాటే చెక్కబాట మొదట్లోనే
"మీరెళ్ళండి, సంచులు నేను చూస్తా" అంది.
పైన్ చెట్ల నీడలో మడతకుర్చీ,
చేప కాగితం మీద కందిరీగ.
రెయినిస్ ఊరుకుంటాడా?
ఇసుక బకెట్టులో సముద్రం తెచ్చాడు,
సగం దారిపాలు చేసి.
ముంచింది. వంద లెక్కపెట్టింది.
"ఇరవైనాలుగు. ఇది బకెట్టు వేడిరా,
సముద్రానిది కాదు."
పుస్తకం మూసేసింది.

వాడి మొహం చూడాలి.
మామయ్య జిడ్డు చేతులు పంట్లాంకి తుడుచుకుని
మాట్లాడకుండా కుర్చీ ఒక పక్క పట్టాడు.
రెండో పక్క అమ్మ, వెనక నేను,
ముందు థర్మామీటరు ఎత్తిపట్టి రెయినిస్.
ఊరేగింపు బయల్దేరింది.
"దించండర్రా, జనం చూస్తున్నారు"
అంటూనే జుట్టు సవరించుకుంది.
ఎవరిదో కుక్క వెంటపడింది.
మా సముద్రం లోతుకి తొందరపడదు,
ఎంత నడిచినా మోకాలి దగ్గరే.
కుర్చీ కాళ్ళు ఇసుకలో దిగబడ్డాయి.
ఒక అల, అడక్కుండా, వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంది.
వంద దాకా ఎవరూ కదల్లేదు, కుక్క కూడా.

పదిహేడు.

తిరిగొచ్చేటప్పుడు నోటుబుక్కు నా చేతికిచ్చింది.
పదిహేడు పక్కన తడి వేలిముద్ర,
కుక్క, అని ఒక్క మాట.
వెనక్కి తిప్పుతూ పోతే
అమ్మ పుట్టకముందు ఒక ఏడు:
తేదీ ఉంది, సముద్రం అని ఉంది, అంకె లేదు.
"ఇక్కడ రాయడం మరిచిపోయావా?"
"లేదు. ఆ రోజు ఈదాను."
ఎవరితో అని అడిగేలోపు నిద్రపోయింది,
కళ్ళు మూసుకున్నదాన్ని నిద్ర అనే అనాలి.
అద్దంలో మామయ్య నన్ను చూశాడు, నేను మామయ్యని.
రెయినిస్ కాళ్ళ మధ్య బకెట్టు అడుగున
ఇంకా రెండు గుక్కల సముద్రం,
మలుపు మలుపుకీ అటూ ఇటూ.