ఖాళీ గడి

వేట నిషేధం మొదలై ముప్ఫై రోజులు.
జెట్టీ పొడవునా కట్టేసిన బోట్లు
ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ
పనిలేని మగాళ్ళలా కిర్రుమంటున్నాయి.

ఐసు ఫ్యాక్టరీ మేడ మీద మా గది.
కరెంటు ఉన్న పావుగంటలో
నూట నలభై ప్రయాణాలను
ఒక్క కాగితంగా ముద్రించాను.
అది ఇంకా వెచ్చగా ఉండగానే
సూరాడ దానయ్య సరంగు అందుకున్నాడు.
అందులో పదకొండు ప్రయాణాలు అతనివి.

"ఏటమ్మా ఇది?
నీటి యేడికి తొంబై ఆరు,
డీజిలుకి సున్నా పాయింటు మూడొకటా?
అయితే ఇన్నాళ్ళూ నాను తగలెట్టిన డీజిలు
గంగమ్మకి పోసిన నీళ్ళేనా?"

తొంభై ఆరు ముందు చిన్న గీతుంది సరంగూ,
అది తరుగు.
నీరు ఒక్క డిగ్రీ కాగితే
వలలో తొంభై ఆరు కిలోలు పడవు.
నువ్వు లీటరు కాలిస్తే
మూడొందల గ్రాములు పడతాయి,
బాగా బలిసిన కానాగంత ఒకటి.
మిగతావన్నీ కదలకుండా పట్టుకుంటేనే సుమా.

"సముద్రంలో మిగతాయి
ఎవుడు పట్టుకుంటాడమ్మా?"

దానికి నా దగ్గర జవాబు లేదు.
పక్క గడికి వేలు జరిపాను.
డిగ్రీనీ లీటరునీ ఒకే తక్కెడలో వేయలేం.
అందుకే ఇక్కడ
ఎవరి ఊపుతో వాళ్ళని కొలిచాం.
నీరు ప్రయాణానికీ ప్రయాణానికీ
అర డిగ్రీ పైచిలుకు ఊగుతుంది, అంతే.
డీజిలు నాలుగొందల లీటర్లు అటూ ఇటూ.
వేట మూడొందల కిలోలు.
ఎవరి ఊపు వారికి ఒక అడుగు అనుకో.
డీజిలు ఒకడుగు ముందుకేస్తే
వేట అర అడుగుకి కాస్త తక్కువ కదిలింది:
సున్నా పాయింటు నాలుగు రెండు.
నీరు అడుగేస్తే
అయిదో వంతు వెనక్కి.

అతను బీడీ తీసి
ముట్టించకుండా మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.
"అయితే పెద్దది డీజిలే."
మన రేవులో, ఈ ఏడాది.
ముత్యాలమ్మపాలెంలో అందరూ
ఒకే కొలతన కాలిస్తే
అక్కడ ఇదే డీజిలు చిన్నదైపోతుంది.
డీజిలు మారదు సరంగూ, ఊపు మారుతుంది.

"మరి ఈ పైగడి ఖాళీగుందేటి?"

అది స్థిరాంకం వరస.
ఎవరు ఎక్కడ మొదలయ్యారో చెప్పే అంకె.
ఊపుల్లోకి మార్చాక
సగటు అందరికీ సున్నా.
మొదలు చెరిగిపోతుంది.

దానయ్య చాలాసేపు ఆ తెల్లటి గడినే చూశాడు.
"అందరం సున్నాలోంచే బయలెల్లినామా?
నా బోటు ఆరు లచ్చల అప్పులోంచి బయలెల్లినాది."

అప్పుడే గురమ్మ గుమ్మంలో బుట్ట దించింది,
ఎండు నెత్తళ్ళ వాసన గదంతా.
"నా లెక్కెక్కడుంది? రోజూ అడిగీదానివి కదా."

అడిగేదాన్ని.
బోటు దిగిన ప్రతిసారీ
చేపలు ఏరే చేతుల పక్కన నిలబడి
ఈరోజు కూలెంత అని.
నూట నలభైసార్లు మూడు వందలే.
మారితే సెప్పనా, అని విసుక్కునేది.

కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం:
ఈ చలరాశిలో మార్పు లేదు, తొలగించబడింది.
ఊపు సున్నా.
సున్నాతో భాగించడం
ఏ యంత్రానికీ చేతకాదు.

చదివి వినిపించాలా?
గొంతు సవరించుకున్నాను.
దానయ్య కిటికీవైపు తిరిగాడు.
బయట ఎండలో డాల్ఫిన్స్ నోస్ కొండ
ఎప్పటిలా, ఎక్కడిదక్కడే.

"నేదా?" అంది గురమ్మ.
కోపంగా కాదు.
బస్సు ఎల్లిపోయిందా అన్నట్టు.

పెన్ను తీసి అంచున రాశాను:
గురమ్మ. మూడు వందలు. మారలేదు.
ఆ గీతలకి నక్షత్రం గుర్తు పెట్టే సూత్రం
నాకెవరూ నేర్పలేదు.

చిత్తు ప్రతిలో పావు కిలో నెత్తళ్ళు పొట్లం కట్టించుకుని
మెట్లు దిగాను.
ఇంటికెళ్ళి విప్పితే
సున్నా పాయింటు నాలుగు రెండు మీద
ఒక పొలుసు అంటుకుని ఉంది.
గోటితో గీకినా రాలేదు.