ఎడమ నాది, కుడి ఆయనది

బరంపురం గిరి రోడ్డు కొట్టులో
రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి
బిపిన్ పాత్రో నా మొహంలోకి చూశాడు.
ఒకటి ఆరు వేలు. ఒకటి నలభై రెండు.
మధ్యలో ఏమీ లేదా అన్నాను.
మధ్యలోది నిన్ననే అస్కా భజన మండలి పట్టుకుపోయిందట.

పద్ధెనిమిదేళ్ళుగా మెలోడీ పార్టీలో పాడుతున్నాను.
గంజాంలో నేనెక్కని స్టేజీ లేదు,
నా గొంతు నాకు సరిగ్గా వినబడిన స్టేజీ కూడా లేదు.
కాళ్ళ దగ్గర నల్లటి బాక్సొకటి పెడతారు, మానిటరంటారు.
కీబోర్డు, గిటారు, ఎవరిదో ఈల,
కమిటీ సెక్రటరీ మైకు దగ్గర దగ్గిన దగ్గు,
అన్నీ వస్తాయందులోంచి, నేను తప్ప.
అందుకని అరుస్తాను.
తెల్లారి మా పిల్లని బడికి లేపడానికి
గొంతు లేక
పళ్ళెం మీద గరిటెతో కొడతాను.

ఎడమ చెవిలో ఒక కీచురాయి
కాపురం పెట్టి రెండేళ్ళు.
బండి దిగి పడుకున్నాక అది మొదలుపెడుతుంది,
అడ్వాన్సు కూడా అడగదు.

ఆరు వేలది ముందు అద్దెకి తెచ్చి చూశాను.
గోసాణి నువాగాంలో, ఎవరిదో రిసెప్షను.
రెండు పాటలు హాయిగా గడిచాయి.
నా గొంతులో ఇంత ఇసక ఉందని
అప్పుడే తెలిసింది.
మూడో పాటలో, సరిగ్గా దమ్ము తీసుకునే చోట
చెవిలో ఒక మగగొంతు:
"నడియా కేఉంఠి? నడియా!"
పక్క హాల్లో పెళ్ళి.
ఆ పంతులుగారి మైకూ నా చెవీ
ఒకే దారిలో నడుస్తున్నాయి.
ఆయనకి కొబ్బరికాయ దొరికేదాకా
పల్లవే తిప్పి తిప్పి పాడాను.
జనం కొత్త స్టైలనుకుని చప్పట్లు కొట్టారు.

"దీనికి నాలుగే దార్లమ్మా," అన్నాడు పాత్రో,
"లగ్గాల రోజు బరంపురానికి నాలుగేం సరిపోతాయి?
అది చూడు, ఖాళీ దారి అదే వెతుక్కుంటుంది."
వెతుక్కుంటుంది సరే,
నలభై రెండు వేలు నేనెక్కడ వెతుక్కోను?

అప్పుడొచ్చాడు దండాసి మావ, మా డ్రమ్మరు,
గుడ్డసంచిలో పద్ధెనిమిది వేలతో.
ఎడమ చెవిని ఎప్పుడో తాళాలకి ధారపోసినవాడు,
ఫోనెప్పుడూ కుడివైపే.
"ఒక్క పెట్టిలోంచి రెండు దార్లు లాగొచ్చంట కదేటి?"
లాగొచ్చట.
ఎడమ దారిలో నాకు కావలసింది,
కుడి దారిలో ఆయనకి కావలసింది,
నడుముకి కట్టుకునే డబ్బా ఇంకొకటి కొంటే చాలు.
దానికి మరో పంతొమ్మిది.
వాయిదాలు.

మెడికల్ కాలేజీ ఎదురుగా చెవిమిషన్ల కుర్రాడు
గులాబీరంగు ముద్ద చెవుల్లోకి ఎక్కించి
పది నిమిషాలు నోరు మెదపొద్దన్నాడు.
మావ నవ్వాపుకోలేక రెండుసార్లు పాడుచేశాడు.
తీశాక చూస్తే
జీడిపప్పులా వంపు తిరిగి ఉంది నా చెవి లోపల.
ఇన్నేళ్ళూ ఈ సందులోంచేనా
అంత మోత లోపలికొచ్చింది!

గుణుపురం. కాళీపూజ రాత్రి. చలి.
కొంగు సర్దుకుంటుంటే
నడుం దగ్గర బిళ్ళ కుడికి తిరిగిపోయింది.
ఒక్కసారిగా ఆయన చెవిలోకి వెళ్ళిపోయాను.

డ్రమ్స్ లేవు.
అడుగున కొంచెం బేస్ గిటారు,
మిగతాదంతా నేను.
దమ్ము పట్టడం, పెదవి తడుపుకోవడం,
మింగేసిన మాట మింగేసినట్టే.
చరణమంతా అక్కడే ఉండిపోయాను,
బిళ్ళ వెనక్కి తిప్పడానికి చెయ్యి రాలేదు.

దిగాక అడిగాను,
"నీ దాంట్లో డ్రమ్స్ ఏవి మావా?"

"అవి కాళ్ళకి ఇనబడతాయిలే.
నువ్వు రెండో చరణంలో 'ళ' పలకడం మానేసినావు.
సూసుకో."

తప్తపాణి ఘాట్ దిగేదాకా
చీకట్లో ళ, ళ, ళ అంటూ కూర్చున్నాను.
వాంతొస్తోందేమోనని
డ్రైవరు బండి ఆపాడు.