గంట, గంటు

మా తాతకి తాత కుమెజిరో.
పదిహేను రోజులకోసారి కోట గడియారం గదిలోకి
చెప్పులు బయట విడిచి వెళ్ళేవాడట,
ఇనపకాడ మీద వేలాడే బుల్లి బరువుల్ని
ఒక గంటు అవతలికో, ఒక గంటు ఇవతలికో జరిపి
చేతులు దులుపుకుని వచ్చేసేవాడట.
దానికి జీతం ఏడాదికి ఆరు మూటల బియ్యం.
"ఇంత పనికా!" అని ఊళ్ళో నవ్వేవాళ్ళు.

పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా ఆరు పాళ్ళు,
కుంకింది మొదలు పొడిచేదాకా ఆరు పాళ్ళు.
నాట్ల నెలలో పగటి గంట సాగి సాగి
నడుములు విరిచేది.
మంచు నెలలో ముడుచుకుని
కుంపటి పక్కన పిల్లిలా పడుకునేది.

యంత్రం పడమటి నుంచి ఓడ మీద వచ్చింది.
దాని కాలాన్ని మాత్రం
చెప్పుల్లాగే గుమ్మం బయట విడిపించారు.
కాడలు రెండు చేసి, పగటికొకటి, రాత్రికొకటి,
సూర్యుడి వెంట నడవడం నేర్పించారు దానికి.

గంట కొట్టే ముందు మూడు దెబ్బలు పారేసేవాళ్ళు.
అవి లెక్కలోకి రావు. చెవుల్ని లేపడానికి.
ఆ తర్వాత అసలు లెక్క:
మిట్టమధ్యాహ్నం తొమ్మిది, ఆపైన ఎనిమిది, ఏడు,
ఆరుకి దీపం. అయిదు. నాలుగు. నడిరేయి మళ్ళీ తొమ్మిది.
కిందికి దిగే మెట్లు,
ఎప్పుడూ నేల తాకవు.

మెయిజీ అయిదో ఏట పన్నెండో నెలకి రెండే రోజులు.
మూడోనాడు తెల్లారేసరికి కొత్త సంవత్సరం,
పగలైనా రాత్రైనా ఒకే కొలత గంట.
మోచి దంచడానికి బియ్యమైనా నానలేదు.
మిసో కొట్టు యజమాని మాత్రం
ఖాతా పుస్తకంతో గడప మీద కూర్చున్నాడు,
ఏడాది ముగిసిందిగా అంటూ.
కుమెజిరో భార్య ఒరొకు అడిగిందట,
"మిగతా రోజులు ఎవరి భోషాణంలో పెట్టారు?"
ఆ ప్రశ్న మా ఇంట్లో ఇంకా ఉంది.

పదిహేనో రోజున అలవాటు చొప్పున వెళ్ళాడు.
గదికి తాళం.
తర్వాత కోటనే కట్టెల కింద అమ్మేశారు.
అతనికి దక్కినవి రెండు బరువులు,
ఎలా దక్కాయో ఎవరూ అడగలేదు.

కొడుకు పెద్దయి రైలు స్టేషన్లో జెండా ఊపేవాడు.
ఎంతయింది అంటే తండ్రి ఆకాశం చూసేవాడు,
కొడుకు జేబులో చూసేవాడు.
ఏడాదికి రెండుసార్లు, పగలూ రాత్రీ సమానమైన రోజుల్లో,
ఇద్దరి మాటా ఒకటయ్యేది.
ఆ రెండు రోజులూ ఇంట్లో గొడవలుండేవి కావట.

ఒక బరువుని మా చిన్నతాత గాలానికి కట్టి
సువా సరస్సు మంచు కన్నంలో పోగొట్టుకున్నాడు.
రెండోది నా సొరుగులో, మందుల చీటీల కింద.

నేనా? ముప్పై ఒక్క ఏళ్ళు
సరస్సు ఒడ్డు ఫ్యాక్టరీలో క్వార్ట్జ్ ముక్కల్ని పరీక్షించాను.
సెకనుకి ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఎనిమిది వణుకులు.
తేడా వస్తే ఎర్ర డబ్బాలోకి.
ఎండా చలీ ఎరగకుండా వణికితేనే మంచి ముక్క.
నా చేతుల మీదుగా వెళ్ళినవి
ఎన్ని మణికట్ల మీద, ఎంతమందిని
ఆలస్యమైపోయిందని పరిగెత్తించాయో.
ఆ పని నాకిష్టం. అబద్ధం చెప్పను.

రిటైరైన ఏడు సరస్సు గడ్డకట్టలేదు.
తర్వాతి ఏడూ.
ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఎందుకో, సొరుగు తీశాను.
కిటికీ గట్టు మీద బరువు పెట్టి
ఎండ పడ్డ చోటికి జరిపాను.
పదిహేను రోజులకి మళ్ళీ.
చెక్క మీద, గోటితో ఒక గంటు.

"దీంతో ఏం తెలుస్తుంది?" అంది మనవరాలు చిహాయ.
"ఏమీ తెలియదు," అన్నాను. "పని ఉంటుంది."

లోపల రేడియో మూడు పొట్టి కూతలు కూసింది,
వాటి వెనక పొడుగ్గా ఒకటి.
ఏడయింది, బడికి లేటు, అంటూ చిహాయ బూట్లు వెతుక్కుంది.
నేను మొదటి మూడే విన్నాను.