గురువారం ముగ్గురొచ్చారు

ప్రకటన నేనే రాశాను,
కుడిచేతి రెండు వేళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి గనక.
హామిల్టన్‌లో, పాత ఉన్ని గోదాము వెనక వీధిలో,
యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషికి
పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర
సాయం కావాలి.
అక్కడ ఆగాను.
సాయం అంటే ఏమిటో చెప్పాలిగా.
ముందు తెలుగులో అనుకుని చూశాను:
లేపడం, కడగడం, తుడవడం, తొడగడం.
డం, డం, డం. నా మీదే ఎవరో దండోరా వేస్తున్నట్టు.
చివరికి ఇంగ్లీషులో
"వ్యక్తిగత అవసరాలు" అని మర్యాదగా రాసి పంపాను.

మా ఆయన నడుం పట్టేసి నెలయింది.
స్నానాల గదిలో నన్ను ఎత్తబోయి
ఇద్దరం గోడకి జారగిలబడ్డాం.
షవరు కట్టే దిక్కులేక
అరగంట తడుస్తూ కూచున్నాం. నవ్వాం కూడా.
ఆ రాత్రి ఆయన నిద్రలో మూలిగాడు.
"ఇంకో మనిషెందుకు, నేను లేనా?" అన్నాడు తెల్లారి.
ఉన్నావు.
అందుకే.

గురువారం ముగ్గురొచ్చారు.
ఆయన గరాజులోకి పోయి
శుభ్రంగా ఉన్న సైకిలుని బాగుచేయడం మొదలెట్టాడు.

మొదటావిడ ఫైలు ముచ్చటగా ఉంది.
పోలీసు తనిఖీ, ప్రథమ చికిత్స, ఆరు సిఫార్సులు.
కిటికీలోంచి మా ఆయన్ని కేకేసి అడిగింది:
"ఆవిడ టీలో పంచదార వేసుకుంటారా?"
ఆవిడ ఇక్కడే ఉంది తల్లీ.
ఆవిడ ఇరవయ్యేళ్ళు ఈ ఊరి ఆసుపత్రిలో
ఎవరికే మందు ఎన్ని చుక్కలో కొలిచి ఇచ్చింది.
తన చెంచా తనకి తెలీదా?

రెండో పిల్ల మంచిది. మరీ మంచిది.
బంగారం అంది, బుజ్జి అంది,
నా చెవులు బాగానే ఉన్నాయని తోచక
అన్నీ అరిచే అంది.
అడక్కుండా నా చెంప నిమిరింది.
తుడుచుకోడానికి నాకు చెయ్యి లేవలేదు.

మూడో మనిషి బూట్లు గుమ్మం బయట విడిచింది.
గ్లెనిస్. అరవై దాటాయి.
కొట్టం నుంచి కొట్టానికి తిరుగుతూ
ముప్పై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించిందట.
ఆపైన ఏడేళ్ళు మంచంలో ఉన్న వాళ్ళమ్మని చూసుకుందట.
"రెండూ ఒకటేనా?" అన్నాను, వెటకారంగానే.
నొచ్చుకోలేదు. ఆలోచించింది.
"గొర్రె ఎప్పుడు తన్నుకుంటుందంటే,
కాళ్ళకి నేల సగం అందీ సగం అందకా ఉన్నప్పుడు.
ఆనిస్తే పూర్తిగా ఆనించాలి,
ఎత్తితే పూర్తిగా ఎత్తాలి.
అమ్మకీ అంతే."

నా ఒళ్ళో కాగితం మీద పన్నెండు ప్రశ్నలు.
కాగితం మీద లేనివి ఇంకొన్ని:
పొట్టమీది కుట్లు చూసి ఏమీ అనకుండా ఉంటావా,
నాకు ఏడుపొస్తే తెలీనట్టు
కుళాయి కాస్త పెద్దది చేస్తావా,
నా సంగతులు బజార్లో బన్ను కొంటూ చెబుతావా.
ఏదీ అడగలేదు. ఆమే అడిగింది:
"ఏ వైపు తిప్పితే నొప్పి?"
ఎడమ, అన్నాను. గొంతు బొంగురుపోయింది.

గంటకింత అని మాట్లాడుకున్నాం.
పది నిమిషాలు బేరమాడాం, ఇద్దరికీ హుషారొచ్చింది.
జన్మలో మొదటిసారి ఒకరికి జీతమిచ్చే కుర్చీలో కూచున్నాను.
దానికి చక్రాలున్నాయి, అయితే ఏం.

సోమవారం పొద్దున.
ఒక్క తెలుగు మాట నేర్పాను ముందుగా: చాలు.
ఇంగ్లీషులో ఆపమంటే కోపంగా వినిపిస్తుంది నా గొంతు.
జడ విప్పింది. చిక్కు దగ్గర పిడికిట పట్టి
కుదుళ్ళకి తెలీకుండా దువ్వెన దించింది.
"బేలు కట్టి అమ్మితే మంచి ధర వస్తుంది" అంది.
భుజాల మీంచి గోరువెచ్చని నీళ్ళు.
పాదాలు రెండూ పూర్తిగా నేలమీద.
గరాజులో రెంచి చప్పుడు ఆగింది.
ఆయన వింటున్నాడు.

గ్లెనిస్ మగ్గు గాల్లోనే ఆపి,
కొత్త మాటని జాగ్రత్తగా పట్టుకుని,
"చాలూ?"

ఈమెకి రెండో మాట ఇవాళే నేర్పాలి.
ఇంకొంచెం.